సుబాబుల్ అడవిలో నాలుగు రన్‌వేలు

వర్జీనియాలో మా ఇంటికి ఇండియా నుంచి ఎవరు వచ్చినా, వైట్‌హౌస్ చూపించాక తీసుకువెళ్లే చోటు ఒకటుంది. డల్లెస్ విమానాశ్రయం పక్కన స్మిత్సోనియన్ వారి విమానాల మ్యూజియం. లోపలికి టికెట్ లేదు, పార్కింగ్‌కు మాత్రం కట్టాలి. అక్కడ వెండిపళ్లెంలా మెరుస్తూ నాలుగు ఇంజన్ల పెద్ద విమానం ఒకటి ఉంటుంది. ముక్కు పక్కన నల్లటి అక్షరాలతో 'ఎనోలా గే' అని పేరు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసింది ఇదే. వచ్చినవాళ్లంతా దాని ముందు ఫొటో దిగి కదులుతారు. మా నాన్న కదలలేదు. రోడ్లు భవనాల శాఖలో ముప్పై ఏళ్లు ఇంజనీరుగా చేసిన మనిషి. ఆయన చూపు విమానం చక్రాల మీద ఉంది.

"ఇంత బరువు లేవాలంటే కింద నేల ఎంత గట్టిగా ఉండాలిరా? ఎక్కడి నుంచి లేచింది ఇది?"

"పసిఫిక్‌లో టినియన్ అని ఒక దీవి, నాన్నా."

"ఆ రన్‌వే ఇప్పుడుందా?"

నాకు తెలియదు. ఫోనులో ఉపగ్రహ చిత్రం తీశాను. పచ్చటి దీవి. దాని ఉత్తరపు కొసన పక్కపక్కనే గీతలు, ఎవరో తడి నేల మీద చీపురుతో లాగినట్టు. నాన్న ఫోను చేతిలోకి తీసుకుని కళ్లద్దాలు పైకి నెట్టి చూశారు. ఆయన తిరిగి ఇండియా వెళ్లాల్సింది 2023 ఫిబ్రవరిలో. తూర్పు వైపు నుంచి కాకుండా పడమర వైపు నుంచి పంపితే సరిపోతుంది కదా అనిపించింది. మా ఆవిడ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. ఆమె చూపు పూర్తిగా తప్పని ఇప్పటికీ అనలేను.

వాషింగ్టన్ నుంచి హొనొలులు, అక్కడి నుంచి గ్వామ్, ఆ తర్వాత సైపాన్. మధ్యలో పగలూ రాత్రీ లెక్క తప్పింది. టినియన్, సైపాన్ రెండూ ఉత్తర మరియానా దీవుల్లోవి. అమెరికా జెండా, అమెరికా డాలర్లు, అమెరికా ప్లగ్గులే. కానీ గ్వామ్‌కూ ఈ దీవులకూ మధ్య మళ్లీ పాస్‌పోర్టు చూస్తారు. చుట్టుపక్కల కొన్ని దేశాల వారికి వీసా లేకుండా రానిచ్చే పథకం ఉంది, అందులో భారతదేశం లేదు. మన పాస్‌పోర్టుతో వెళ్లేవారికి అమెరికా వీసా ఉండాల్సిందే. నాన్నకు పదేళ్ల సందర్శకుల వీసా ఉండబట్టి మాకు చిక్కు రాలేదు.

సైపాన్‌లో ఒక రాత్రే ఉన్నాం. గరపాన్ వైపు సముద్రం ఒడ్డున పెద్ద హోటలు. కొరియా పర్యాటకులతో కిటకిటలాడుతోంది. గది బాగుంది, బాల్కనీలోంచి సముద్రం కూడా బాగుంది, కానీ పెట్టిన డబ్బుకు ఉదయం పెట్టిన టిఫిను మాత్రం బాగులేదు. సైపాన్ విమానాశ్రయం కూడా ఈ కథలోదే. యుద్ధంలో దాని పేరు ఐస్లీ ఫీల్డ్. మరియానా దీవుల నుంచి టోక్యో మీదకు బీ-29 బాంబర్లు, అంటే ఎనోలా గే రకం విమానాలు, మొదటిసారి ఎగిరింది ఇక్కడి నుంచే, 1944 నవంబరు 24న. ఇప్పుడు అదే చోట సూట్‌కేసులు దొర్లించుకుంటూ హనీమూన్ జంటలు దిగుతున్నాయి.

సైపాన్ నుంచి టినియన్‌కు జలసంధి అయిదు కిలోమీటర్లే. దాటించేవి చిన్న పిస్టన్ ఇంజన్ విమానాలు. గాలిలో ఉండేది పది పన్నెండు నిమిషాలు. ఎక్కే ముందు సామానుతో పాటు మనుషులనూ తూకం వేస్తారు. కౌంటరులో అమ్మాయి నాన్న బరువు పౌండ్లలో గట్టిగా చదివింది. ఆయన వెంటనే మనసులో కిలోల్లోకి మార్చుకుని, "రెండు కిలోలు ఎక్కువ చూపిస్తోంది, దీని ముల్లు సరిచేయాలి" అన్నారు. తూకం ప్రకారమే సీట్లు ఇస్తారు. ఆ లెక్కన నాన్న పైలట్ పక్క సీటు కొట్టేశారు, నేను వెనక సంచుల మధ్య ఒదిగాను. మా విమానం రెండు గంటలు ఆలస్యం. ఎందుకో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. ఇటు వచ్చేవారు తిరుగు ప్రయాణం రోజునే పెద్ద విమానం పట్టుకునేలా పెట్టుకోవద్దు.

టినియన్‌లో బస్సు లేదు. బయటికి వచ్చి చేయి ఎత్తితే ఆగే టాక్సీ కూడా లేదు. కారు ముందే మాట్లాడుకోవాలి. మేము మాట్లాడుకున్న కారు రాలేదు. దాని బదులు వచ్చింది తుప్పుపట్టిన జీపు. ఏసీ లేదు, డ్రైవరు వైపు అద్దం కిందికి దిగదు. ఫోను చేస్తే "ఇవాళ ఉన్నది అదే" అన్నారు. దీవి మొత్తం మీద జనాభా రెండు వేల పైచిలుకు, ఇక గొడవపడి ప్రయోజనం ఏముంది? అయితే ఆ తర్వాత రెండు రోజుల్లో ఆ జీపే మమ్మల్ని గోతుల్లోంచి లాక్కొచ్చింది, చక్కటి కారు ఇచ్చి ఉంటే సగం చోట్లకు వెళ్లలేకపోయేవాళ్లం.

బస శాన్ హొసే ఊళ్లో. ఉన్న ఊరు అదొక్కటే. చిన్న హోటలు, రాత్రికి వంద డాలర్లకు పైనే. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, కుళాయి నీళ్లు సుద్దరుచి. తాగడానికి సీసాలు కొనుక్కోండి. అసలు ఈ ఊళ్లో పెద్ద హోటలు ఒకటి ఉండేది, 1998లో కాసినోతో పాటు తెరిచారు. ఇప్పుడు మూతబడి, కిటికీలు ఊడి, సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంది. 2018 అక్టోబరులో వచ్చిన యుటు తుపాను దెబ్బ కూడా ఊళ్లో ఇంకా అక్కడక్కడా కనిపిస్తోంది, పైకప్పు లేని గోడల రూపంలో.

తిండి గురించి భయపడ్డాం, భయపడినంత లేదు. శాకాహారులైతే మాత్రం భయపడండి. మా సంచిలో అటుకులు, పులిహోర పొడి ఉన్నాయి. ఈ దీవుల మూలవాసులైన చమోరో వాళ్లు అన్నాన్ని జాఫరా గింజల రంగులో ఎర్రగా వండుతారు. కోడిమాంసాన్ని సన్నగా తరిగి నిమ్మరసం, కొబ్బరి కోరు, పచ్చిమిరప కలిపే వంటకాన్ని కెలగ్వెన్ అంటారు. పక్కన ఫినడెనె అని సోయా సాస్‌లో ఉల్లిపాయ, పులుపు, మిరపకాయలు వేసి నంజుకునే రసం. ఆ మిరపకాయ చిటికెన వేలి గోరంత ఉంటుంది. పేరు దొన్ని సాలి. సాలి అనే పిట్ట తిని గింజలు అడవంతా చల్లుతుందట, అందుకే ఆ పేరు. ఏటా దాని పేరున ఒక పండుగే చేస్తారు. పెట్టిన ఆవిడ "జాగ్రత్త, కారం" అని సైగ చేసింది. నాన్న రెండు కాయలు ఒకేసారి నమిలారు. మూడో నిమిషంలో నోరు విప్పి, "గుంటూరు వాళ్లను ఇక్కడికి ఒకసారి తీసుకురావాలి" అన్నారు. కళ్లలో నీళ్లు.

మర్నాడు తెల్లవారుజామునే ఉత్తరానికి బయలుదేరాం. వెళ్లే రోడ్డు పేరు బ్రాడ్‌వే. అవును, న్యూయార్క్‌లోదే. దీవి ఆకారం మాన్‌హట్టన్‌ను పోలి ఉందని, 1944లో ఇక్కడ రోడ్లు వేసిన అమెరికా నౌకాదళ నిర్మాణ దళం, అంటే సీబీలు, వీధులన్నిటికీ అక్కడి పేర్లే పెట్టారు. ఎయిత్ అవెన్యూ, ఫార్టీసెకండ్ స్ట్రీట్ అన్నీ ఉన్నాయి. మధ్యలో సెంట్రల్ పార్కు కూడా వదిలారు. బ్రాడ్‌వే మీద మాకు ఎదురైన రద్దీ ఏడు ఆవులు. హారను కొడితే తల తిప్పి చూశాయి, అంతే.

నిజానికి ఈ రోడ్ల కన్నా ముందు దీవంతా చెరకు తోటే. మొదటి ప్రపంచ యుద్ధం మొదట్లో జర్మనీ నుంచి ఈ దీవులను జపాన్ తీసుకుంది. నాన్యో కోహత్సు అనే చక్కెర కంపెనీ అడవి కొట్టించి, చెరకు నాటించి, ఫ్యాక్టరీలు పెట్టింది. యుద్ధం వచ్చేనాటికి పదిహేను వేలకు పైగా జపాన్, ఒకినావా, కొరియా ప్రజలు ఇక్కడ ఉండేవారు. ఉత్తరపు కొసన ఉషి పాయింట్ దగ్గర విమానాల స్థావరం కట్టింది కూడా జపానే. నేల చదును, కింద గట్టి సున్నపురాయి, టోక్యోకు దాదాపు 2,400 కిలోమీటర్లు. బీ-29 వెళ్లి రాగల దూరం అది. దీవి చదునుగా ఉండటమే దాని కర్మ అయింది.

ఆ ఉత్తరపు తీరంలోనే చూలు అనే చిన్న బీచి ఉంది. నక్షత్రాల ఆకారంలో ఇసుక రేణువులు దొరుకుతాయని పర్యాటకులు అరచేతులు తడిపి అదుముతుంటారు. మేమూ అదిమాం, ఏడెనిమిది దొరికాయి. 1944 జులై 24న అమెరికా సైన్యం దిగింది ఇక్కడా, దీనికి పక్కనున్న బీచిలోనూ. ఈ రెండింటిలో చిన్నది 55 మీటర్ల వెడల్పే. ఇంత ఇరుకులోంచి ఎవరు దిగుతారులే అని జపాన్ సైన్యం దక్షిణాన ఊరి దగ్గర కాచుకుంది. అమెరికా నౌకలు కూడా అటే దిగుతున్నట్టు నటించాయి. ఇటు మొదటి రోజే 15,000 మందికి పైగా దిగిపోయారు. ఆగస్టు 1కి దీవి చేతులు మారింది. దీవిని కాపాడటానికి ఉన్న ఎనిమిది వేలకు పైగా జపాన్ సైనికుల్లో చాలా కొద్దిమంది మిగిలారు. నాన్న ఆ ఇసుకను అడుగులతో కొలిచారు. ఈ చివర నుంచి ఆ చివరకు డెబ్బై అడుగులు పడ్డాయి. "మా హైస్కూలు కబడ్డీ కోర్టుకు మూడు నాలుగింతలు" అని తేల్చారు.

అక్కడి నుంచి రన్‌వే అయిదు నిమిషాలు. గేటు లేదు, టికెట్ లేదు, మనిషి లేడు. సైన్యం లీజుకు తీసుకున్న నేల ఇది, అప్పట్లో విన్యాసాలు జరిగే రోజుల్లో రానిచ్చేవారు కాదు, మిగతా రోజుల్లో తెరిచే ఉండేది. బోర్డు చూసి మలుపు తిరిగితే పొదల మధ్య ఒక దారి. దారి ఉన్నట్టుండి అయిపోతుంది. జీపు తారు మీదకు ఎక్కింది. కళ్ల ముందు ఏమీ లేదు. ఎడమ పక్కా, కుడి పక్కా పచ్చటి గోడ, మధ్యలో బూడిదరంగు నేల, అది దూరాన ఎండలో వణుకుతూ ఆకాశంలో కలిసిపోయింది. ఇంజను ఆపితే గాలి తప్ప చప్పుడు లేదు.

ఈ రన్‌వే పేరు ఏబుల్. దీనికి సమాంతరంగా బేకర్, చార్లీ, డాగ్. ఒక్కొక్కటి 8,500 అడుగులు, అంటే రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు. సీబీలు పగడపు రాయిని తవ్వి, పిండి చేసి, తడిపి రోలర్లతో తొక్కించి, పైన తారు పోశారు. 1945 మే నాటికి నాలుగూ తయారయ్యాయి. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద విమాన స్థావరం ఇదే. రాత్రిళ్లు ఇక్కడి నుంచి వందల బాంబర్లు నాలుగు వరసల్లో ఒకదాని తోక పట్టుకుని ఒకటి లేచేవి. మార్చి 9, 10 తేదీల మధ్య రాత్రి టోక్యోను తగలబెట్టిన దాడిలో కూడా ఈ దీవి విమానాలున్నాయి. యుద్ధం ముగిసిన కొద్ది కాలానికే అందరూ వెళ్లిపోయారు.

నాన్న జీపు దిగి రన్‌వే అంచుకు వెళ్లి గొంతుక్కూర్చున్నారు. తారు పెచ్చు ఒకటి లేపి, కింద తెల్లటి పొడిని వేళ్లతో నలిపారు. "సుద్ద కాదురా, గులకలా ఉంది. డెబ్బై ఎనిమిదేళ్లకు ఇంత మిగిలిందంటే పని దొంగతనంగా చేయలేదు" అన్నారు. ఆయన నోట్లోంచి ఒక కాంట్రాక్టు పని గురించి ఇంత మంచి మాట నేను ఇంతవరకూ వినలేదు. తర్వాత లేచి, పక్కనున్న పొద కొమ్మ వంచి పట్టుకుని ఆగిపోయారు. ఈకల్లాంటి సన్నటి ఆకులు. కొమ్మ చివర బంతిలా గుండ్రటి తెల్లటి పువ్వు, దూదితో చేసినట్టు. దాని కింద గుత్తిగా ఎండిన చదునైన కాయలు. ఒకటి విరిచారు. గోధుమరంగు గింజలు అరచేతిలో రాలాయి.

"ఇది మన సుబాబుల్!"

నిజమే. దీవి వాళ్లు దీన్ని టంగన్‌టంగన్ అంటారు. యుద్ధంలో చెట్టూ చేమా కాలిపోయి నేల బోడిగా మిగిలితే, మట్టి కొట్టుకుపోకుండా విమానాల నుంచి ఈ విత్తనాలు చల్లారు. అవి మొలిచి, దీవిని కమ్మేసి, చార్లీని, డాగ్‌ను దాదాపు మింగేశాయి. ప్రకాశం జిల్లాలో మాకున్న నాలుగు ఎకరాల్లో నాన్న పదిహేనేళ్లు వేసింది ఈ చెట్టే, కాగితపు మిల్లు కోసం. టన్నుకు చెప్పిన ధర ఒకటి, ఇచ్చిన ధర ఒకటి. ఆ కోపం ఆయనకు ఇంకా పోలేదు. హిరోషిమాకు బయలుదేరిన చోటు చూద్దామని పద్నాలుగు వేల కిలోమీటర్లు వచ్చిన మేము అరగంట సుబాబుల్ ధరల గురించి మాట్లాడుకున్నాం. మాటల మధ్యలో దొనకొండ వచ్చింది. మా వైపు బ్రిటిష్ వాళ్లు యుద్ధకాలంలో వేసి వదిలేసిన విమానాశ్రయం. చిన్నప్పుడు సైకిలు మీద వెళ్లి దాని మీద పందేలు వేసేవారట.

అందరూ వచ్చేది బాంబు గుంటల కోసం. ఏబుల్ రన్‌వేకు కొద్ది దూరంలో, విమానాలు నిలిపే చోట రెండు గుంటలు. హిరోషిమా బాంబు మూడు మీటర్ల పొడవు, దాదాపు 4,400 కిలోల బరువు. నాగసాకిది ఇంకా లావు. బీ-29 పొట్ట కింద దూర్చడానికి చోటు చాలదు. అందుకని నేలలో గుంట తవ్వి, బాంబును అందులోకి దించి, విమానాన్ని వెనక్కి నడిపించి గుంట మీద నిలిపి, హైడ్రాలిక్ జాకీతో పైకి ఎత్తారు. "లారీ షెడ్డులో మెకానిక్కు దిగే గుంట ఉంటుంది చూడు, దాన్ని తలకిందులు చేసిన వ్యవహారం" అన్నారు నాన్న. ఇంతకన్నా బాగా వివరించిన బోర్డు అక్కడ లేదు.

గుంటలను తర్వాతి కాలంలో మట్టితో పూడ్చేశారు. 2004లో, ఈ దీవి కోసం జరిగిన పోరుకు 60 ఏళ్లయిన సందర్భంగా మళ్లీ తవ్వి తెరిచి, పైన అద్దాల పందిరి వేశారు. చెప్పక తప్పదు, చూడటానికి నిరాశే. అద్దం మీద చెమ్మ, ఆకాశం నీడ, మన ముఖం నీడ. నుదురు ఆనించి చేతులు అడ్డం పెట్టుకుంటేనే కింద ఇనుము కనిపిస్తుంది. ఆగస్టు 6 తెల్లవారుజామున 2:45కు ఎనోలా గే ఇక్కడి నుంచి లేచింది. ముందు రాత్రి కొన్ని బాంబర్లు లేస్తూనే కూలి తగలబడటంతో, బాంబుకు మందు దట్టించే పని గాలిలోకి వెళ్లాకే చేశారు. లేకపోతే దీవే పోతుందని భయం. ఆరున్నర గంటల తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. మూడు రోజుల తర్వాత పక్క గుంటలోని బాంబు బాక్స్‌కార్ అనే విమానంలో వెళ్లింది. ఆ గుంటల దగ్గర మాతో పాటు ఒక వృద్ధ జపాన్ దంపతులు ఉన్నారు. ఆయన టోపీ తీసి తల వంచారు, ఆమె మూత తీసిన నీళ్ల సీసా అద్దం ముందు ఉంచింది. నాన్న అప్పటిదాకా చేతిలో తిప్పుతున్న సుబాబుల్ కాయను జేబులో పెట్టుకున్నారు.

నన్నడిగితే గుంటల కన్నా జపాన్ వారి పాత కార్యాలయ భవనం మేలు. రెండంతస్తుల కాంక్రీటు. కప్పు పెచ్చులూడి ఇనుప చువ్వలు వేలాడుతుంటాయి, గోడల నిండా తూట్లు. లోపల కందిరీగలుంటాయి, చప్పుడు చేయకండి. పక్కనే మందపాటి గోడల ఆశ్రయాలు, విద్యుత్ కేంద్రం. చూడటానికి రెండు గంటలు పెట్టుకోండి. టార్చి, నీళ్లు, దోమల మందు, బూట్లు తప్పనిసరి. ఫోనుకు సిగ్నల్ ఉండదు. తూర్పు తీరంలో అలలు రాతి సందుల్లోంచి పైకి చిమ్మే చోటు ఉంది, దారి గతుకులు, మా జీపుకే నడుము నొప్పి వచ్చింది. పోటు సమయం చూసుకుని వెళ్లకపోతే చెమ్మగిల్లిన రాళ్లే దక్కుతాయి, మాకు దక్కినవి అవే.

రెండో రోజు దక్షిణం. ఊళ్లోనే టాగా ఇల్లు ఉంది, చమోరోల పూర్వపు నాయకుడి ఇంటి స్తంభాలు. మనిషికి రెండున్నర రెట్ల ఎత్తు రాతి స్తంభం, పైన గిన్నెలాంటి రాయి. నిలబడినది ఇప్పుడు ఒకటే, తక్కినవి పడి ఉన్నాయి. ఊరి నుంచి ఇంకా దక్షిణాన ఆత్మహత్యల శిఖరం. ఓటమి ఖాయమయ్యాక జపాన్ పౌరులు, పిల్లలను ఎత్తుకుని తల్లులు కూడా, దూకిన చోటు. వరసగా స్మారక శిలలు, వాటి ముందు కాగితపు కొంగల దండలు. నేనిక్కడ రాయగలిగింది ఏమీ లేదు, వెళ్లినవారు పది నిమిషాలు నోరు మూసుకుని నిలబడితే చాలు. రేవులో మాత్రం ఒక గంట కూర్చున్నాం. బాంబు భాగాలను తెచ్చిన ఇండియానాపోలిస్ యుద్ధనౌక జులై 26న సరుకు దించి వెళ్లింది ఇక్కడి నుంచే. నాలుగు రోజులకు జపాన్ జలాంతర్గామి దాన్ని ముంచింది. దాదాపు 1,200 మందిలో 316 మంది బతికారు. ఆ రేవు కట్ట ఇప్పుడు తుప్పు, పగుళ్లు. ఇద్దరు పిల్లలు గాలం వేస్తున్నారు.

సైపాన్ నుంచి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లే ఒక్కరోజు యాత్రలు అమ్ముతారు. తీసుకోకండి. గుంటలు చూపించి, బీచిలో అరగంట వదిలి, వెనక్కి తెస్తారు. ఒక రాత్రి తప్పనిసరి, రెండు రాత్రులు సుఖం, మూడైతే విసుగు. చిన్న పిల్లలతో వద్దు. సముద్రంలో ఈదడమే పని అయితే సైపాన్ చాలు. గైడు అవసరం లేదు, కానీ చరిత్ర ముందే చదువుకుని రావాలి, అక్కడ చెప్పేవారు లేరు.

తిరుగు ప్రయాణంలో విమానం ఉత్తరపు కొస మీదుగా వెళ్లింది. ముందు సీట్లోంచి నాన్న వెనక్కి తిరిగి, ఇంజను మోతలో నాకు వినపడేలా అరిచారు. "నాలుగన్నావు, రెండే కనిపిస్తున్నాయిరా!" మిగిలిన రెండింటి చోట అడవి రంగు కొంచెం లేతగా ఉంది, అంతే.

అదే ఏడాది డిసెంబరులో అమెరికా వైమానిక దళం ఈ స్థావరాన్ని మళ్లీ వాడుకలోకి తెస్తామని ప్రకటించింది. 2024లో 40 కోట్ల డాలర్లకు పైబడిన కాంట్రాక్టు ఇచ్చారు, బుల్డోజర్లు దిగాయి. మేము చూసిన నిర్జన స్థలం అలాగే ఉంటుందని చెప్పలేను. వెళ్లాలనుకునేవారు ఉత్తరం వైపు ఎంతవరకు రానిస్తున్నారో టినియన్‌లో ముందే కనుక్కోండి. చెట్లు తొలగించిన ఉపగ్రహ చిత్రాలు వార్తల్లో వచ్చినప్పుడు నాన్నకు పంపాను. నాలుగు గీతలూ తెల్లగా తేలాయి. సాయంత్రానికి ఫోను చేశారు.

"చూశానురా. అంత సుబాబుల్ కొట్టారు కదా, ఎవరికి అమ్మారట?"